ప్రమాదకారి కాడు, అయినా పని చేయలేడు: ఫోరెన్సిక్ సైకియాట్రీ రిపోర్టు గురించి

కోర్టులు, సంస్థలు అడిగితే మనిషి మానసిక స్థితిని అంచనా వేసి రిపోర్టిచ్చే ఫోరెన్సిక్ సైకియాట్రీకి తరచూ వచ్చే ప్రశ్నలు రెండు. ఈ మనిషి వల్ల ఎవరికైనా హాని ఉందా? ఈ మనిషి ఉద్యోగం చేయగలడా? మొదటిది కోర్టు నుంచో, జైలు నుంచో, డిశ్చార్జి చేయాలా వద్దా అని తేల్చాల్సిన ఆసుపత్రి నుంచో వస్తుంది. రెండోది ఇన్సూరెన్స్ కంపెనీ, పెన్షన్ విభాగం, యాజమాన్యం అడుగుతాయి. రెండింటికీ జవాబు జబ్బు పేరులోనే ఉందని చాలామంది అనుకుంటారు. స్కిజోఫ్రీనియా అంటే ప్రమాదమూ ఉంది, పనికీ రాడు. డిప్రెషన్ అంటే ప్రమాదం లేదు, నాలుగు రోజులు సెలవిస్తే సర్దుకుంటాడు. ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది.

భార్య మీద అనుమానం భ్రమ స్థాయికి ముదిరిన మనిషిని తీసుకోండి. టైముకు ఆఫీసుకు వెళ్తాడు, పనిలో తప్పు పట్టడానికి ఉండదు, తోటివాళ్లతో కలివిడిగానే ఉంటాడు. ప్రమాదమంతా ఇంట్లో, ఒక్క మనిషి మీదే. ఇంకొకరికి స్కిజోఫ్రీనియా వచ్చి పదేళ్లయింది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం మందులతో ఆగిపోయింది, ఎవరి జోలికీ పోడు. కానీ చొరవ, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నాయి. వరసగా రెండు గంటలు ఒక పని మీద కూర్చోలేడు. మొదటివాడు పని చేయగలడు, ప్రమాదం ఉంది. రెండోవాడి వల్ల ప్రమాదం లేదు, పని చేయలేడు. "డాక్టరే బాగున్నాడని రాశారు కదా, మరి ఉద్యోగం ఎందుకు చేయడు?" అని లాయరు అడిగితే ఈ తేడా రిపోర్టులో ముందే రాసి ఉండాలి. లేకపోతే నిజంగా పని చేయలేని మనిషి నోటి దగ్గర కూడు పోతుంది.

ఒకప్పుడు జీఏఎఫ్ అనే స్కేలు ఉండేది. లక్షణాల తీవ్రత, తనకూ ఇతరులకూ హాని చేసే ప్రమాదం, రోజువారీ పనులు చేసుకునే శక్తి, ఇవన్నీ కలిపి 100 వరకు ఒకే అంకె, ఎక్కువైతే మెరుగు. 2013లో డీఎస్ఎం-5, అంటే అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక జబ్బులను వర్గీకరించే పుస్తకం, దాన్ని తీసేసింది. ఇన్ని విషయాలు ఒకే అంకెలో కలిసిపోతే ఏది ఎంతో తెలియదన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అయినా "జీఏఎఫ్ 45, కాబట్టి పని చేయలేడు" అని రాసే అలవాటు పూర్తిగా పోలేదు.

కాగితాలు ముందు, ఇంటర్వ్యూ తర్వాత

మనిషిని కలవక ముందే ఫైలంతా చదవాలి: పోలీసు రికార్డు, పాత ఆసుపత్రుల డిశ్చార్జి సమ్మరీలు, నర్సుల నోట్సు, ఉద్యోగం చేసిన చోటి హాజరు పట్టీ, మెమోలు. నర్సుల నోట్సు చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఫైలు మొత్తంలో విలువైనవి అవే. డాక్టరు రోజుకు పది నిమిషాలు చూస్తాడు, నర్సు రాత్రంతా చూస్తుంది.

చదివేటప్పుడు ప్రతి సంఘటననూ అది మొదటిసారి నమోదైన కాగితం దాకా వెనక్కి వెళ్లి చూడాలి. ఎందుకంటే రిపోర్టులు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి. మొదటి రోజు నర్సు ఇలా రాసి ఉంటుంది: "కోపంతో స్టీలు గ్లాసు విసిరాడు, గోడకు తగిలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు." నెల తర్వాత డిశ్చార్జి సమ్మరీలో అది "వార్డులో వస్తువులు విసిరి దాడికి దిగాడు" అవుతుంది. ఏడాది తర్వాత వేరే ఆసుపత్రిలో "సిబ్బందిపై దాడి చేసిన చరిత్ర ఉంది". మూడో చోటికి వచ్చేసరికి "ఆయుధంతో దాడి చేసిన చరిత్ర". ఎవరూ కావాలని అబద్ధం రాయలేదు, పై వాక్యాన్ని కుదించుకుంటూ పోయారంతే. ఆ ఒక్క గ్లాసు మనిషిని ఏళ్లపాటు లాకప్ వార్డులో ఉంచగలదు. దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. ఇంట్లో కొట్టిన దెబ్బలు "కుటుంబ కలహాలు" అన్న రెండు మాటల్లో మాయమైపోతాయి.

ఇంటర్వ్యూ మొదట్లోనే మన పాత్ర ఏమిటో చెప్పాలి: నేను మీకు వైద్యం చేసే డాక్టర్ని కాదు, ఫలానావాళ్లు అడిగితే అంచనా వేస్తున్నాను, మీరు చెప్పింది వాళ్లకు వెళ్తుంది, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు. చెప్పిందేమిటో అతని మాటల్లోనే తిరిగి చెప్పించుకుని, ఆ జవాబు రాసుకోవాలి. గంట గడిచాక చనువు ఏర్పడి "మీరు డాక్టరు కాబట్టి మీకొక్కరికే చెబుతున్నా" అని మొదలుపెడితే అక్కడే ఆపి మళ్లీ గుర్తు చేయాలి. వైద్యం చేస్తున్న డాక్టరే ఈ రిపోర్టు కూడా రాయడం మంచిది కాదు. రోగి మీద సానుభూతి అంచనాను వంచుతుంది, రిపోర్టులో ఏం రాస్తాడోనన్న రోగి భయం వైద్యాన్ని చెడగొడుతుంది.

హింస గురించి "మీకు కోపం ఎక్కువా?" అని అడిగితే ఏమీ రాదు. ఒక్కో సంఘటననూ సినిమా రీలు తిప్పినట్టు అడగాలి. ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగింది? ఏం తాగారు, ఎంత? మందులు ఎన్నాళ్ల ముందు ఆపారు? కత్తి ముందే దగ్గర పెట్టుకున్నారా, అప్పటికప్పుడు దొరికిందా? ఎదుటి మనిషి ఏమన్నాడు? కొట్టే ముందు మీ మనసులో ఏముంది? ఎవరు ఆపారు, లేక మీరే ఆగారా? ఆగితే ఎందుకు ఆగారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం భద్రతా ప్రణాళిక ఉంటుంది. మొదటి సంఘటన, అన్నిటికన్నా తీవ్రమైనది, ఇటీవలిది, ఈ మూడింటినీ ఇలాగే అడగాలి.

ఆదేశించే గొంతులు వినిపిస్తాయంటే, "వినిపిస్తున్నాయి" అని టిక్కు పెట్టి ముందుకు పోకూడదు. ఆ గొంతు ఎవరిది, తెలిసినవాళ్లదా? మాట వినకపోతే ఏమవుతుందని భయం? ఇంతకుముందు ఏ ఆదేశం పాటించారు, ఏది పాటించలేదు? ఆదేశానికి తగ్గ భ్రమ కూడా తోడైతే ప్రమాదం వేరే స్థాయిలో ఉంటుంది. భ్రమ విషయంలో చూడాల్సిందీ ఇదే: దాని వెంట భయం, కోపం ఎంత ఉన్నాయి, ఎవరి మీద ఉన్నాయి, ఇప్పటికే ఏదైనా చేశాడా. తాళాలు మార్చాడా, ఎవరినైనా వెంబడించాడా, ఫిర్యాదులు పెట్టాడా?

స్కోరు ఎంతవరకు నమ్మాలి

ఎవరు హింసకు దిగుతారో ముందే చెప్పే శక్తి మనకు ఉందనుకున్న రోజులున్నాయి. 1966లో అమెరికా సుప్రీంకోర్టు బ్యాక్‌స్ట్రామ్ కేసులో ఇచ్చిన తీర్పుతో, న్యూయార్క్ రాష్ట్రంలో ప్రమాదకరమని ముద్ర పడి నేరస్తుల మానసిక ఆసుపత్రుల్లో ఉన్న 967 మందిని మామూలు ఆసుపత్రులకు మార్చాల్సి వచ్చింది. అందరూ ఘోరాలు జరుగుతాయనుకున్నారు. తర్వాత నాలుగేళ్లు గమనిస్తే, హింస వల్ల తిరిగి పంపాల్సి వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది.

ఆ పాఠం తర్వాతే హింస ప్రమాదాన్ని లెక్క కట్టే పరికరాలు, అంటే అంశాల వారీ అంచనా పట్టికలు, వచ్చాయి. 1990ల్లో వచ్చిన వీఆర్ఏజీలో 12 అంశాలకు మార్కులు వేసి కూడతారు. 1995లో మొదలై 2013లో మూడో రూపానికి వచ్చిన హెచ్‌సీఆర్-20 దారి వేరు. దాంట్లో 20 అంశాలున్నా క్లినిక్‌లో వాడేటప్పుడు మొత్తం కూడరు. 10 గతానివి, 5 ప్రస్తుత స్థితివి, 5 ఇక ముందు పరిస్థితులవి. ఒక్కో అంశం ఉందా, కొంత ఉందా, లేదా అని చూసి, ఆ తర్వాత ఈ మనిషి విషయంలో అది ఎంత ముఖ్యమో విడిగా తేలుస్తారు. మత్తు అలవాటు ఉండొచ్చు, కానీ జరిగిన మూడు దాడుల్లో ఒక్కసారీ తాగి లేడనుకోండి. అంశం ఉంది, ప్రాముఖ్యం తక్కువ. చాలా రిపోర్టుల్లో ఈ రెండో మెట్టు ఎగిరిపోతుంది. అంశాల పట్టిక నింపేసి, చివర "ప్రమాదం ఎక్కువ" అని రాసేస్తారు.

ఎంత మంచి పరికరమైనా ఒక లెక్కను తప్పించుకోలేదు. వెయ్యి మంది డిశ్చార్జి అయ్యారనుకుందాం, వాళ్లలో ఏడాదిలో తీవ్రంగా దాడి చేసేవాళ్లు 50 మంది. మన పరికరం దాడి చేసేవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, చేయనివాళ్లలో 70 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అంటే 50లో 40 మంది దొరుకుతారు. మిగిలిన 950లో 285 మంది మీద కూడా ఊరికే ముద్ర పడుతుంది. మొత్తం 325 మందిని "ప్రమాదం ఎక్కువ" అంటే నిజంగా చేసేది 40 మంది, దాదాపు 12 శాతం. పరికరం చెడ్డది కాదు, అసలు సంఘటన అరుదు. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 24,827 మంది సమాచారాన్ని కలిపి చూసిన పరిశీలన వచ్చింది. హింసను అంచనా వేసే పరికరాలు ప్రమాదం ఉందన్నవాళ్లలో 41 శాతమే హింసకు దిగారు. తక్కువ అన్నవాళ్లలో 91 శాతం దిగలేదు. ఎవరిని వదలొచ్చో చెప్పడంలో ఇవి మెరుగు, ఎవరిని బంధించాలో చెప్పడంలో బలహీనం. స్కోరు ఒక్కటే చూసి మనిషిని లోపల ఉంచడాన్ని నేను ఒప్పుకోలేను.

జబ్బు పేరు మీద పెట్టుకునే నమ్మకం కూడా ఇక్కడ తేలిపోతుంది. మానసిక రోగుల్లో హింస గురించి అమెరికాలో జరిగి, 1998లో ఫలితాలు వచ్చిన మెకార్థర్ అధ్యయనంలో, పిట్స్‌బర్గ్‌లో డిశ్చార్జి అయిన రోగుల్లో మత్తు సమస్య లేనివాళ్లు అదే వాడలో మత్తు సమస్య లేని ఇరుగుపొరుగువాళ్ల కన్నా ఎక్కువ హింసకు దిగలేదు. జబ్బుకు తాగుడు, మందులు మానేయడం తోడైనప్పుడు లెక్క మారుతుంది. అందుకే కారణాల గొలుసు రాయాలి, లేబుల్ రాస్తే చాలదు.

రిపోర్టులో పనికొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "మందులు ఆపి మళ్లీ తాగుడు మొదలుపెడితే, తమ్ముడు తన తిండిలో విషం కలుపుతున్నాడన్న పాత భ్రమ కొన్ని వారాల్లో తిరగబెట్టవచ్చు. గతంలో జరిగిన రెండు దాడులూ అలాంటి సమయంలో, తమ్ముడి మీదే, చేతికందిన వస్తువుతో జరిగాయి. రెండుసార్లూ తొలి సూచన ఇంట్లో తిండి మానేయడం. బయటివాళ్ల మీద దాడి చేసిన దాఖలా లేదు. నెలవారీ ఇంజెక్షన్, తమ్ముడు లేని ఇంట్లో బస, తిండి మానేసిన రోజే క్లినిక్‌కు ఫోను, ఈ మూడూ అమలైతే ఆసుపత్రి బయట ఉండవచ్చు." ఎవరికి, ఎప్పుడు, ఎంత తీవ్రంగా, దేనివల్ల, ముందు ఏం కనిపిస్తుంది, ఏం చేస్తే ఆగుతుంది, అన్నీ ఇందులో ఉన్నాయి. "ప్రమాదం మధ్యస్థం" అన్న మాటతో జడ్జి ఏం చేసుకోవాలి?

ఇలా ఒక దారి రాసి ఆగకూడదు. పాతది పాతలాగే జరిగితే? ఇంకా తీవ్రమైతే? బాధితుడు మారితే, తమ్ముడి బదులు వంట చేసే ఇంకొకరైతే? అంతా బాగుపడితే ఎలా ఉంటుంది? నాలుగు ఊహలూ రాసి, ఒక్కోదానికి గమనింపు ఏమిటో చెప్పాలి.

పని సామర్థ్యం

ఇక్కడ మొదటి తప్పు, మనిషిని పరీక్షించి పనిని పరీక్షించకపోవడం. "పని చేయలేడు" అంటే ఏ పని? ఉద్యోగ వివరాల కాగితం తెప్పించుకోవాలి, అది దొరక్కపోతే ఆ ఉద్యోగం చేసేవాడు రోజంతా ఏం చేస్తాడో గంటగంటకూ అడిగి రాసుకోవాలి. షిఫ్టులున్నాయా, ఒంటరిగానా గుంపులోనా, తప్పు జరిగితే ఎవరి ప్రాణం మీదికి వస్తుంది, పని వేగం మనిషి చేతిలో ఉందా, యంత్రం చేతిలో ఉందా? బైపోలార్ (ఉన్మాదం, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) ఉన్న మనిషి పగటి ఉద్యోగం ఏళ్ల తరబడి బ్రహ్మాండంగా చేసి, రాత్రి షిఫ్టుకు మార్చిన నెలలోనే నిద్ర చెడి ఉన్మాదంలోకి పోవచ్చు. అతను పని చేయలేడని రాస్తే అబద్ధం. రాత్రి షిఫ్టు వద్దని రాస్తే సరిపోతుంది.

చూడాల్సిన శక్తులు కొన్నే. చెప్పింది అర్థం చేసుకుని గుర్తుంచుకోవడం, ఏకాగ్రతతో వేగం తగ్గకుండా నిలబడటం, మనుషులతో మసలడం, మార్పును తట్టుకోవడం, రోజూ టైముకు రావడం. అన్నిటిలోకీ తరచూ తప్పిపోయేది నిలబడే శక్తి. గంట ఇంటర్వ్యూలో చక్కగా మాట్లాడిన మనిషి ఎనిమిది గంటలు నిలబడతాడని అనుకోవడమే కారణం. బిల్లులు సరిచూసే ఉద్యోగికి తీవ్రమైన డిప్రెషన్ ఉందనుకుందాం. మొదటి గంటలో 40 బిల్లులు, రెండు తప్పులు. మూడో గంటకు 22 బిల్లులు, తొమ్మిది తప్పులు. పొద్దున పదింటికి పరీక్షించిన డాక్టరుకు ఈ పడిపోవడం కనబడదు. కాబట్టి పరీక్షను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెట్టాలి. మధ్యలో పొడుగైన, విసుగు పుట్టించే పని ఇచ్చి ఎక్కడ జారుతున్నాడో చూడాలి.

స్కిజోఫ్రీనియాలో ఉద్యోగాన్ని దెబ్బతీసేవి ఎక్కువగా గొంతులు, భ్రమలు కావు. జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గడం, చొరవ చచ్చిపోవడం. "లక్షణాలు అదుపులో ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం చూసి ఇన్సూరెన్స్ క్లెయిము కొట్టేస్తే జరిగే అన్యాయం ఇదే. మందుల ప్రభావం కూడా విడిగా రాయాలి. రాత్రి వేసుకున్న మందు మత్తు ఉదయం ఏ గంట దాకా ఉంటుంది? లిథియంతో చేతుల వణుకు ఉంటే సన్నని పనులు ఎలా చేస్తాడు? కాలు నిలవనీయని అశాంతి ఉంటే కుర్చీలో ఎంతసేపు కూర్చోగలడు?

రోజువారీ పనుల్లో ఇబ్బంది ఎంతో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ హూడాస్ 2.0 ప్రశ్నావళి ఇక్కడ పనికొస్తుంది. గడిచిన 30 రోజుల గురించి ఆరు రంగాల్లో 36 ప్రశ్నలుంటాయి. అయితే అవి మనిషి తన గురించి తాను చెప్పుకునే జవాబులు. మాట మొదలుపెట్టడానికి మంచివి, తీర్పుకు చాలవు.

తీర్పు రాసేటప్పుడు మూడు విషయాలు కలపకూడదు. చేయగలడు కానీ చేస్తే అతనికో ఇతరులకో హాని, అది నిషేధం. ప్రయత్నించినా చేయలేడు, అది అశక్తత. చేయగలడు, హాని లేదు, కానీ కష్టంగా ఉంది, అది ఓర్పుకు సంబంధించింది. దాన్ని తేల్చాల్సింది ఆ మనిషే, డాక్టరు సర్టిఫికెట్ కాదు. పై అధికారితో గొడవ పడి ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేనంటున్నవాడు పక్క బ్రాంచిలో అదే పని చేయగలిగితే, అది ఆ చోటితో వచ్చిన సమస్య. దాన్ని జబ్బుగా రాస్తే ఏడాది తర్వాత నిజంగానే జబ్బుగా మారి కూర్చుంటుంది.

నటన అనుమానం

డబ్బు, శిక్ష ముడిపడిన చోట లక్షణాలు పెంచి చెప్పేవాళ్లూ, దాచేవాళ్లూ ఉంటారు. పని క్లెయిములో పెంచుతారు, విడుదల కోసం జరిగే అంచనాలో దాస్తారు. ఒకే మనిషి రెండు చోట్లా రెండు రకాలుగా చెప్పడమూ సహజమే. పరీక్షల పేర్లు, కటాఫ్‌లు ఇక్కడ రాయను, బయటపడితే ఆ పరీక్షలు పనికిరాకుండా పోతాయి. సూత్రం మాత్రం చెప్పొచ్చు. రెండేసి జవాబుల్లో ఒకటి ఎంచుకునే 50 ప్రశ్నలిస్తే, ఏమీ గుర్తులేనివాడు కూడా కళ్లు మూసుకుని 25 దగ్గర కొడతాడు. 15 మాత్రమే కొడితే, అలా కాకతాళీయంగా జరిగేది వెయ్యిలో మూడు నాలుగు సార్లే. సరైన జవాబు తెలిసి తప్పించుకున్నాడని అర్థం. కానీ అంత స్పష్టంగా దొరికేది అరుదు. మధ్యలో వచ్చే స్కోర్లకు తీవ్రమైన డిప్రెషన్, నిద్రలేమి, చదువు లేకపోవడం, పరీక్ష భాష సరిగా రాకపోవడం, ఏదైనా కారణం కావచ్చు. పెంచి చెప్పాడని తేలినా అసలు జబ్బు లేదని కాదు. నిజంగా బాధపడుతూ, ఎవరూ నమ్మరేమోనని రెండింతలు చెప్పేవాళ్లు చాలామంది. రిపోర్టులో "అబద్ధాలకోరు" అన్న మాట రాకూడదు. ఏ పరీక్షలో ఏం వచ్చిందో, ఏ కాగితంతో ఏ మాట సరిపోలలేదో రాసి ఊరుకోవాలి.

రెండు ఫైళ్లూ కలిసే చోటు

హెచ్‌సీఆర్-20లో గతానికి చెందిన నాలుగో అంశం ఉద్యోగమే. ఇక ముందు పరిస్థితుల అంశాల్లో బస, మనుషుల అండ, ఒత్తిడి ఉన్నాయి. ఉద్యోగం పోతే ఈ మూడూ ఒకేసారి కదులుతాయి: అద్దె కట్టలేడు, రోజూ కలిసే మనుషులు దూరమవుతారు, అప్పులవాళ్లు వస్తారు. అంటే పని రిపోర్టులో వచ్చే ఫలితం హింస రిపోర్టులోని అంశాలను మార్చేస్తుంది. అయినా ఈ రెండూ రాసేవాళ్లు చాలాసార్లు ఒకరి కాగితం ఒకరు చూడరు. అన్ని కాగితాలూ అందరికీ పంపాలని నేను అనడం లేదు, గోప్యత ఉంది. పని రిపోర్టులో యాజమాన్యానికి కావాల్సింది ఏ పనులు వద్దు, ఎన్ని గంటలు, ఎప్పటిదాకా అన్నంతవరకే. చిన్ననాటి దెబ్బలు, కాపురం సంగతులు ఆ కవరులో ఉండకూడదు.

క్లెయిము తిరస్కరిస్తూ లేఖ వెళ్లే రోజు, ఉద్యోగం తీసేశామని చెప్పే రోజు ముందే తెలుస్తాయి కాబట్టి ఏర్పాటు చేసుకోవచ్చు. తనకు అన్యాయం జరిగిందన్న పగ ఫలానా ఒక మనిషి మీద గట్టిపడి ఉంటే, ఆ లేఖ ఆ మనిషి సంతకంతో వెళ్లకుండా చూడాలి. శుక్రవారం సాయంత్రం పోస్టులో పడేసి రెండు రోజులు ఆఫీసు మూసేయకూడదు. వైద్యం చేసే టీముకు ముందు రోజే తెలియాలి, అప్పీలు ఎలా చేసుకోవాలో అదే లేఖలో ఉండాలి, వారంలోపు ఎవరో ఒకరు కలవాలి. తనను తాను చంపుకునే ప్రమాదం కూడా ఈ రోజుల్లోనే పెరుగుతుంది, దాన్ని విడిగా అడగాలి.

రిపోర్టుకు గడువు తేదీ రాయడం మర్చిపోతారు. గతం అంశాలు పెద్దగా మారవు, ప్రస్తుత స్థితి వారాల్లో మారుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ చూడాలని, ఈలోగా మందు ఆపినా, బస మారినా, మళ్లీ తాగుడు మొదలైనా, బెదిరింపు వచ్చినా, క్లెయిము ఫలితం తేలినా అప్పుడే చూడాలని చివరి పేజీలో తేదీతో సహా ఉండాలి. రెండేళ్ల కిందటి రిపోర్టును ఈరోజు కోర్టులో చదువుతుంటే, దాని మీద గడువు రాసి ఉందా లేదా అన్నది లాయరు అడిగే మొదటి ప్రశ్న కావాలి.